పేరు రాయని పడవ

రాత్రి రెండూ పదికి ఉమ్మనీరు పోయింది.
వంటింట్లో, పలకల సందుల వెంట
పిల్లకాలవలా దారి వెతుక్కుంటూ పోయింది.
నేను లాకు లస్కరుని.
నీళ్ళు కదిలితే ముందు గడియారం చూస్తాను,
మిగతావన్నీ తర్వాత.
సెలవు పెట్టి మూడు వారాలైనా
లాకు రిజిస్టరు మా కిటికీలోనే ఉంటుంది.
చేతికి అదే దొరికింది, అందులోనే రాశాను:
2.10. నీరు. తేట. చెడు వాసన లేదు.
పడవ పేరు గడి ఖాళీ.

వీబె సంచీ తలుపు దగ్గర పెట్టి
బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు.
నొప్పులు మాత్రం రాలేదు.

తెల్లారగట్ల సైకిలు మీద వచ్చింది ఆల్చె,
ఫ్రీస్లాండ్‌లో ఈ గట్టు పొడుగునా మంత్రసాని.
ఎర్రబడ్డ చేతులు హీటరు మీద కాచుకుని
నా పొట్టకి ఆనించింది. బిడ్డ గుండె విన్నది.
నీటి రంగు చూసింది. కుర్చీ లాక్కుంది.
"లోపల చూడవా?"
"చూసిన ప్రతిసారీ క్రిములకి దారి చెప్పినట్టు. ఇప్పుడొద్దు.
తొట్టి స్నానమూ వద్దు."

తర్వాత, కాఫీ కలుపుకుంటూ:
"రెండు దారులమ్మా, జిల్దూ.
ఇవాళే ఆస్పత్రికి పోతే మందుతో నొప్పులు తెప్పిస్తారు.
లేదంటే రేపు ఈ వేళదాకా చూద్దాం,
చాలామందికి ఈలోగా వాటంతటవే వస్తాయి.
చూసిన కొద్దీ జ్వరం భయం పెరుగుతుంది.
కొండంత కాదు. అలాగని లేకపోలేదు."
"నువ్వైతే ఏం చేస్తావు?"
"కడుపు నాది కాదుగా."
ఆ మాట నచ్చింది. కోపమూ వచ్చింది.

పదకొండేళ్ళుగా తలుపులు తెరుస్తున్నాను.
రెండు పక్కలా నీళ్ళు సమం కానిదే
పది గుర్రాలు కట్టి లాగినా తలుపు కదలదు.
పడవవాళ్ళు హారను కొడతారు, మా అమ్మని తిడతారు.
నేను తూము ఎత్తి, చేతులు కట్టుకుని నిలబడతాను.
అందుకే అందరూ నన్ను ఓపిక మనిషి అంటారు.
కానీ ఒకటి దాచను:
తూము ఎత్తకుండా నిలబడితే
దాన్ని ఓపిక అనరు.

నాలుగు గంటలకోసారి థర్మామీటరు.
ముప్పై ఆరూ ఎనిమిది. ముప్పై ఏడు.
గట్టు మీద గొర్రెల మధ్య నడిచాను.
అత్తగారు ఫోన్లో మెట్లెక్కమంది;
మా ఇంటికి ఉన్నవి మూడు మెట్లు.
మధ్యాహ్నం ఇసుక పడవ ఒకటి దిగువకి పోయింది,
కిటికీలోంచి చూస్తూ, సీబ్రెన్ తూము కాస్త తొందరగా ఎత్తాడని
గొణుక్కున్నాను.
బిడ్డ తన్నింది. లెక్క వేసుకున్నాను.
నడుములో ఏదో పట్టినట్టై, మళ్ళీ వదిలేసింది,
తలుపు తట్టి పారిపోయే పిల్లల్లాగా.

రాత్రి పది. ఇరవయ్యో గంట.
ముప్పై ఏడూ నాలుగు.
"అది జ్వరం కాదు," అంది ఆల్చె ఫోన్లో.
"ఇంకో నాలుగు గంటలు నీవే."
నా కిచ్చిన నాలుగు గంటలు
అలాగే తిరిగి ఇచ్చేశాను.
భయపడి కాదు, అనుకుంటాను.
భయపడే కావచ్చు కూడా.
వీబె బూట్లతోనే నిద్రపోయాడు. లేపాను.

లేవార్డెన్ ఆస్పత్రిలో నర్సు
చక్రం కొంచెం తిప్పి, చుక్కల్ని లెక్కపెట్టింది.
ఇంకొంచెం తిప్పింది. ఆగి, నా మొహం చూసింది.
ఈ పిల్లకి పని తెలుసు, అనుకున్నాను.

పొద్దున్నే సీబ్రెన్ ఫోను.
వారం లెక్క కూడుతున్నాడట.
"నిన్న రెండూ పదికి ఏ పడవ?
పేరు లేదు, వెళ్ళిన టైము లేదు,
సుంకం కట్టినట్టూ లేదు!"
అప్పుడే ఒకటి వచ్చింది, నడుం నుంచి మోకాళ్ళదాకా,
మంచం కమ్మీ పట్టుకుని దాన్ని పోనిచ్చాను.
అటువైపు అతను హలో, హలో అంటూనే ఉన్నాడు.
"ఇంకా లాకులోనే ఉంది, సీబ్రెన్.
ఆ గడులు అలా ఉంచు.
సుంకం సంగతి వచ్చాక మాట్లాడుకుందాం."